మావయ్య మోచేయి, మురళి మణికట్టు

2022 మార్చి 4, శుక్రవారం రాత్రి మా మావయ్య ఫోన్ చేశాడు. ఆయన ఫోన్ చేస్తే మొదటి మాట ఎప్పుడూ "ఏటిరా అల్లుడూ, అన్నం తిన్నావా" అనే ఉంటుంది. ఆ రోజు అది లేదు. "మీవోడు పోయాడంటరా" అన్నాడు.

ఇంకెవరైనా అయితే ఏ బంధువో అనుకుని కంగారుపడేవారు. మా ఇద్దరి మధ్య "మీవోడు" అంటే ఒక్కడే, ఆస్ట్రేలియా లెగ్ స్పిన్నర్ షేన్ వార్న్. "మావోడు" అంటే శ్రీలంక ఆఫ్ స్పిన్నర్ ముత్తయ్య మురళీధరన్. విజయనగరంలో మా అమ్మమ్మగారింటి అరుగు మీద, పెళ్ళి పందిళ్ళలో, బస్సుల్లో, ఒకసారి ఆసుపత్రి వరండాలో కూడా పాతికేళ్ళుగా నడిచిన వాదన అది: టెస్టు క్రికెట్‌లో గొప్ప స్పిన్నర్ ఎవరు? నేను వార్న్ తరఫు, ఆయన మురళి తరఫు. ఆ రాత్రి ఆయన వాదించలేదు. "యాభై రెండేళ్ళు ఒక వయసేటిరా" అన్నాడు. కాసేపు ఊరుకుని, "బంతిని ఆడు తిప్పినట్టు ఎవుడూ తిప్పలేదు, అది మాత్రం ఒప్పుకోవాల" అని ఫోన్ పెట్టేశాడు.

ఆయన ఒప్పుకున్నాడు. నేను ఒప్పుకోవాల్సింది మాత్రం కడుపులోనే దాచుకున్నాను. అప్పటికి నేను పక్షం మారి చాలా ఏళ్ళయింది. పైకి వార్న్ కోసం గట్టిగానే వాదిస్తూ వచ్చాను గానీ, లోపల మనసు ఎప్పుడో మురళివైపు వెళ్ళిపోయింది. ఎందుకు వెళ్ళిందో ఇక్కడ మొత్తం చెప్పేస్తాను.

ముందు వార్న్ సంగతి. 1993 జూన్ 4న మాంచెస్టర్‌లో ఇంగ్లండ్ బ్యాటర్ మైక్ గ్యాటింగ్‌కి వేసిన బంతిని నేను ఎన్ని వందలసార్లు చూశానో లెక్కలేదు. యాషెస్‌లో, అంటే ఇంగ్లండ్, ఆస్ట్రేలియాల మధ్య జరిగే టెస్టు సిరీస్‌లో, వార్న్ వేసిన మొట్టమొదటి బంతి అది. చెయ్యి వదిలినప్పుడు తిన్నగా వస్తున్నట్టే ఉంటుంది. సగం దారి దాటాక గాలిలోనే లెగ్ వైపు ఒరుగుతుంది. లెగ్ స్టంపుకి బాగా బయట పడుతుంది. గ్యాటింగ్ స్పిన్ ఆడటం తెలిసినవాడు. కాలు ముందుకేసి, ప్యాడు పక్కనే బ్యాటు పెట్టి, పద్ధతిగానే ఆడాడు. బంతి ఆ బ్యాటునీ, ఆ భారీ మనిషినీ దాటుకుని వెళ్ళి ఆఫ్ స్టంపు మీది బెయిల్‌ని లేపేసింది. గ్యాటింగ్ అక్కడే నిలబడిపోయాడు. కీపర్ ఇయాన్ హీలీ చేతులు రెండూ పైకి లేచాయి. అంతే.

ఏడాదిన్నర ముందు, 1992 జనవరిలో, ఇదే కుర్రాడు సిడ్నీలో మన మీద మొదటి టెస్టు ఆడి 150 పరుగులిచ్చి ఒక్క వికెట్ తీశాడు. ఆ ఒక్కటీ డబుల్ సెంచరీ దాటాక అవుటైన రవిశాస్త్రిది. అక్కడి నుంచి గ్యాటింగ్ బంతి దాకా వచ్చిన దారి నాకు ఆ బంతికన్నా ఇష్టం. లెగ్ స్పిన్ వేసి చూసినవాళ్ళకి ఆ కష్టం తెలుస్తుంది. మణికట్టు తిరగాలి, ఉంగరపు వేలు బంతిని లాగాలి, భుజం ఆగకూడదు. వెంట్రుకవాసి ముందు వదిలితే ఫుల్‌టాస్, వెంట్రుకవాసి ఆలస్యమైతే షార్ట్ బంతి. రెండూ బౌండరీకే పోతాయి. అలాంటి విద్యలో ఓవర్లకి ఓవర్లు ఒకే చోట బంతి వేస్తూ, పరుగులు కట్టేస్తూ, వికెట్లు తీసినవాడు వార్న్.

2006 డిసెంబర్‌లో అడిలైడ్ టెస్టు చూసినవాళ్ళకి వార్న్ గురించి ఇంకేం చెప్పక్కర్లేదు. ఇంగ్లండ్ మొదటి ఇన్నింగ్స్‌లో 6 వికెట్లకు 551 చేసి డిక్లేర్ చేసింది. ఐదో రోజు పొద్దున ఒక్క వికెట్టే పోయి ఉంది. డ్రా తప్ప మరొకటి ఎవరూ అనుకోలేదు. వార్న్ వచ్చాడు. కెవిన్ పీటర్సన్ స్వీప్ చేయబోతే బంతి కాళ్ళ వెనక నుంచి వెళ్ళి ఆఫ్ స్టంపుకి తగిలింది. ఇంగ్లండ్ 129కి ఆలౌట్, ఆస్ట్రేలియా గెలిచింది. ఆ రోజు అతను తీసింది నాలుగు వికెట్లే. కానీ అవతలివాళ్ళ గుండెలో భయం పుట్టించడంలో వార్న్‌కి సాటి లేరు. మురళి కూడా కాదు. ఇది నేను ఈరోజుకీ అంటాను.

మరి ఎక్కడ మారాను?

దానికి మావయ్య చెయ్యి గురించి చెప్పాలి. మా ఊరిని క్రికెట్ చరిత్రలో వెతికితే ముందు దొరికేది విజ్జీ. 1936లో ఇంగ్లండ్ వెళ్ళిన భారత జట్టుకి కెప్టెన్, విజయనగరం మహారాజకుమార్. నాకు మాత్రం క్రికెట్ అంటే మావయ్యే. జూట్ మిల్లులో ఉద్యోగం, ఆదివారం అయోధ్యా మైదానంలో ఆఫ్ స్పిన్. అప్పట్లో మావాళ్ళు ఆడేది మ్యాటింగ్ మీద. పొద్దున్నే పీచు చాప మోసుకెళ్ళి, పరిచి, చుట్టూ ఇనుప మేకులు దిగ్గొట్టాలి. నేను చాప చివర రెండు కాళ్ళతో తొక్కి పట్టుకునేవాణ్ణి, ఆయన సుత్తితో మేకులు కొట్టేవాడు. చాప బిగుతుగా ఉంటే బంతి చురుగ్గా లేస్తుంది, కాస్త వదులైతే పట్టుకుని గిర్రున తిరుగుతుంది. చాపని కాలితో తట్టి చూసి, ఆ రోజు బంతి ఎంత తిరుగుతుందో చెప్పేసేవాడు.

ఆయన కుడి చూపుడు వేలికి లోపలి వైపు, పై కణుపు పక్కన, ఒక కాయ కాసి ఉండేది. సీజన్ మధ్యలో అది పగిలేది. ఆదివారం రాత్రి అన్నం కలుపుకునేటప్పుడు పులుసు తగిలితే మండుతుందని ఆ ఒక్క వేలూ పైకెత్తి పెట్టి మిగతా వేళ్ళతో కలుపుకునేవాడు. నేను నవ్వితే, "బంతికి పెట్టిన ముద్దురా ఇది" అనేవాడు.

మోచేయి సంగతి వేరు. చిన్నప్పుడు చింతచెట్టు మీద నుంచి పడ్డాడు. నాటు వైద్యుడు వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టాడు. ఎముక అతుక్కుంది గానీ చెయ్యి పూర్తిగా చాపుకోవడం కుదరదు. రెండు చేతులతో నీళ్ళ బకెట్లు మోసుకొస్తున్నప్పుడు చూడాలి. ఎడమ చెయ్యి తిన్నగా వేలాడుతుంది. కుడి చెయ్యి మోచేతి దగ్గర కాస్త వంగే ఉంటుంది, ఎంత బరువు మోసినా.

1997 సంక్రాంతి సెలవుల్లో ఒక టోర్నమెంటు. ఏ ఊరు, ఎవరు పెట్టారన్నది ఇప్పుడు అనవసరం. మావయ్య రెండో ఓవర్‌లో స్క్వేర్ లెగ్ అంపైర్ నో బాల్ అన్నాడు. గీత దాటలేదు కదా సార్ అన్నాడు మావయ్య. గీత కాదు, త్రో వేస్తున్నావు, మోచేయి వంచి విసురుతున్నావు అన్నాడాయన. తర్వాతి బంతీ నో బాల్. ఆ తర్వాతిదీ అంతే. మావయ్య చొక్కా చెయ్యి భుజం దాకా మడిచి, అంపైర్ దగ్గరికి నడిచి వెళ్ళి, "ఇంతకన్నా సాగదు సార్ నా సెయ్యి, పట్టుకుని సూడండి" అన్నాడు. ఆయన పట్టుకుని చూడలేదు. కెప్టెన్ వచ్చి మావయ్య చేతిలోంచి బంతి తీసుకున్నాడు. ఆ తర్వాత ఆయన మ్యాచ్‌లో బౌలింగ్ వేయగా నేను చూడలేదు. మా పిల్లలకి నెట్స్‌లో వేసేవాడు, అంతే.

నాకప్పుడు పద్నాలుగేళ్ళు. ఆ రోజు నేను అంపైర్‌నే నమ్మాను. తెల్లకోటు వేసుకున్న మనిషి మూడుసార్లు తప్పంటే తప్పే అనుకున్నాను. జట్టు కుర్రాళ్ళ ముందు మావయ్య పక్కన నిలబడటానికి నామోషీ అనిపించి, స్కోరు రాసేవాళ్ళ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. ఆ ఏడాదంతా వార్న్, వార్న్ అని ఊగిపోయాను. అతని చేతిని ఎవరూ వేలెత్తి చూపలేదు కదా. నా వాదనకి పునాదిలో అది కూడా ఉందని చాలా ఏళ్ళకి గానీ తెలుసుకోలేదు.

దానికి ఏడాది ముందు, 1995 డిసెంబర్ 26న, మెల్‌బోర్న్‌లో మురళికి ఇదే జరిగింది. అంపైర్ డారెల్ హెయిర్ మూడు ఓవర్లలో ఏడుసార్లు త్రో అని నో బాల్ ఇచ్చాడు. కెప్టెన్ అర్జున రణతుంగ బంతి లాక్కోలేదు. మురళిని అవతలి ఎండ్‌కి మార్చాడు. అక్కడ అంపైర్ స్టీవ్ డన్. అదే చెయ్యి, అదే యాక్షన్, అక్కడ ఒక్క నో బాల్ కూడా రాలేదు. ఒకే మైదానంలో, ఒకే రోజు, ఒక కంటికి దోషం, ఇంకో కంటికి నిర్దోషం. అందుకే ఈ విషయం కళ్ళతో తేలేది కాదు.

మురళి చెయ్యి పుట్టుకతోనే వంకర, పూర్తిగా చాపలేడు. చాలామంది పొరబడేది ఇక్కడే. చెయ్యి వంగి ఉండటం తప్పు కాదు. చెయ్యి భుజం ఎత్తుకి వచ్చినప్పటి నుంచి బంతి వదిలేదాకా, వంగిన మోచేయి ఎంత తిన్నగా సాగిందన్నదే లెక్క. మొదటి నుంచీ వంగి, చివరిదాకా అంతే వంగి ఉంటే ఆ బంతి న్యాయమైనదే. కానీ మనిషి గిర్రున తిరుగుతుంటే, వంగిన చెయ్యి మన కంటికి ఒక చోట వంగినట్టు, ఇంకో చోట సాగినట్టు కనబడుతుంది. 1996లో పెర్త్‌లోనూ, హాంకాంగ్‌లోనూ యూనివర్సిటీల వాళ్ళు కెమెరాలు పెట్టి కొలిచి ఇది కంటి భ్రమే అన్నారు. 2004లో దూస్రా, అంటే ఆఫ్ స్పిన్ వేసినట్టే వేసి అవతలి వైపు తిప్పే బంతి, మీద మళ్ళీ అనుమానం వచ్చింది, మళ్ళీ కొలిచారు. చివరికి ఐసీసీ చాలామంది బౌలర్ల చేతుల్ని గమనిస్తే, ఎవరూ వేలెత్తి చూపని వాళ్ళ మోచేతులు కూడా కొంత సాగుతూనే ఉన్నాయని తేలింది. 2005 నుంచి అందరికీ 15 డిగ్రీల హద్దు పెట్టారు. మురళి కోసమే రూలు మార్చారని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. రూలు మారకపోతే ఇంకెంతమంది బౌలింగ్ మానేయాల్సి వచ్చేదో వాళ్ళు ఆలోచించరు.

2004లోనే మురళి ఒక పని చేశాడు. మోచేయి కదలకుండా ఇనుప కడ్డీలు పెట్టిన పట్టీ బిగించుకుని, కెమెరాల ముందు తన బంతులన్నీ వేసి చూపించాడు. ఆఫ్ బ్రేక్ తిరిగింది. దూస్రా కూడా అటు తిరిగింది. ఆ వీడియో నేను చాలా ఆలస్యంగా చూశాను. టెస్టుల్లో ఐదు వందలకు పైగా వికెట్లు తీసిన మనిషి, దొంగతనం అంటగట్టినవాడిలా చెయ్యి కట్టించుకుని నిలబడ్డాడు. నాకు మావయ్య మడిచిన చొక్కా చెయ్యి గుర్తొచ్చింది. "పట్టుకుని సూడండి." ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఆ వీడియో చూశాకే మురళి బౌలింగ్‌ని కొత్తగా చూడటం మొదలుపెట్టాను. మీరూ ఒకసారి చేసి చూడండి. స్లో మోషన్‌లో అతని బౌలింగ్ పెట్టుకుని, స్క్రీన్ మీద మోచేయి ఉన్నచోట బొటనవేలితో మూసేయండి. మణికట్టు ఒక్కటే చూడండి. మామూలు ఆఫ్ స్పిన్నర్ చూపుడు వేలితో తిప్పుతాడు, బల్బు బిగించినట్టు. మురళి మణికట్టు మొత్తం తిరుగుతుంది, అరచెయ్యి ఎటు నుంచి ఎటు వెళ్ళిందో కంటికి అందదు. చిన్నప్పుడు బొంగరం వేసినవాళ్ళకి ఇది వెంటనే తెలుస్తుంది. తాడు ఎంత బిగించి చుట్టినా, బొంగరం చెయ్యి వదిలే ఆఖరి క్షణంలో మణికట్టు వెనక్కి గుంజకపోతే అది నేల మీద రెండు చుట్లు తిరిగి పడిపోతుంది. ఆ గుంజుడులోనే ప్రాణం. ఆఫ్ స్పిన్‌కి లెగ్ స్పిన్నర్ల మణికట్టు తెచ్చినవాడు మురళి.

ఇప్పుడు అంకెలు. వార్న్ 145 టెస్టుల్లో 708 వికెట్లు, సగటు (ఒక్కో వికెట్‌కి ఇచ్చిన పరుగులు, ఎంత తక్కువైతే అంత మెరుగు) 25.41. మురళి 133 టెస్టుల్లో 800, సగటు 22.72. ఇన్నింగ్స్‌లో ఐదేసి వికెట్లు వార్న్ 37 సార్లు తీస్తే, మురళి 67 సార్లు. మ్యాచ్‌లో పదేసి వార్న్ 10, మురళి 22. మావయ్య ఈ అంకెలు చెబితే నా జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉండేది: "జింబాబ్వే, బంగ్లాదేశ్ మీద తీసినవి తీసెయ్ మావయ్యా."

ఒక రోజు నిజంగానే కూర్చుని తీసేశాను. ఆ రెండు జట్ల మీద మురళికి 25 టెస్టుల్లో 176 వికెట్లు, వార్న్‌కి 3 టెస్టుల్లో 17. అవి పోగా మురళికి 108 టెస్టుల్లో 624, వార్న్‌కి 142 టెస్టుల్లో 691. అంటే టెస్టుకి మురళి 5.8 దాకా, వార్న్ 4.9 దగ్గర. మురళి సగటు కాస్త పెరిగి కూడా 25 లోపే ఆగింది. వార్న్ సగటు ఉన్నచోటే ఉంది. నా వాదన నా చేతిలోనే విరిగింది.

మెక్‌గ్రాత్ లాంటి ఫాస్ట్ బౌలర్లు పక్కనుండి వికెట్లు పంచుకుపోతే వార్న్‌కి ఏం మిగులుతాయి అన్నది రెండో వాదన. మురళికి వికెట్లు ఎక్కువ రావడానికి అదొక కారణమే, కాదనను. కానీ వికెట్‌కి పట్టిన బంతులు చూడండి: మురళికి 55, వార్న్‌కి 57. బంతులు ఎక్కువ వేసినందుకే వికెట్లు వచ్చాయనడానికి ఇక్కడ చోటు లేదు. పైగా మురళి టెస్టుకి సగటున 55 ఓవర్లు వేశాడు. అన్ని ఓవర్లు వేస్తూ ఆ పదును నిలబెట్టుకోవడం ఇంకా కష్టం.

వార్న్‌వైపు ఒక్క అంకె మాత్రం నన్ను ఇప్పటికీ ఆపుతుంది. 708లో 319 మాత్రమే సొంత గడ్డ మీద తీశాడు. మురళి 800లో 493 శ్రీలంకలో తీసినవి. ఆస్ట్రేలియాలో మురళి సగటు 75 దాటింది. అక్కడ అతను ఆడింది ఐదే టెస్టులు, మొదటి పర్యటనలోనే మెల్‌బోర్న్ జరిగింది, 2004లో వెళ్ళనని మానుకున్నాడు. ఇవన్నీ కారణాలే. అయినా 75 అనేది 75. మావయ్య ఈ అంకె దగ్గర ఎప్పుడూ మాట మార్చేవాడు. మార్చక్కర్లేదు మావయ్యా. దాన్ని ఒప్పుకుని కూడా మురళిని గెలిపించవచ్చు.

ఎలాగంటే, 1998 ఆగస్టు, లండన్ ఓవల్. ఆ వేసవిలో ఇంగ్లండ్ శ్రీలంకకి ఇచ్చింది ఒకే ఒక్క టెస్టు. రణతుంగ టాస్ గెలిచి, పరుగులు ధారాళంగా వచ్చే పిచ్ మీద ఫీల్డింగ్ తీసుకున్నాడు. మురళికి రెండు ఇన్నింగ్స్ మధ్య విశ్రాంతి కావాలి, అందుకు. ఒక జట్టు మొత్తం ఒక మనిషి భుజం చుట్టూ తన ఐదు రోజుల్ని అల్లుకుంది. ఇంగ్లండ్ 445 చేసింది, మురళికి 7. జయసూర్య 213, అరవింద డిసిల్వా 152 కొట్టి శ్రీలంకని 591కి చేర్చారు. రెండో ఇన్నింగ్స్‌లో ఇంగ్లండ్ 181కి కుప్పకూలింది. మురళి 65 పరుగులకు 9. మిగిలిన ఆ ఒక్క వికెట్ రనౌట్. మ్యాచ్‌లో 113.5 ఓవర్లు వేసి 220 పరుగులకు 16 వికెట్లు. శ్రీలంక పది వికెట్లతో గెలిచింది.

ఇదే నా కొలత. ఆ మనిషిని తీసేస్తే జట్టు ఏమవుతుంది? వార్న్ 2003లో నిషేధంతో ఏడాది దూరమైతే ఆస్ట్రేలియా ప్రపంచ కప్పు గెలిచింది, వెస్టిండీస్‌లో టెస్టు సిరీస్ 3-1తో గెలిచింది. వార్న్ నీడలో మిగిలిపోయిన స్టువర్ట్ మెక్‌గిల్‌కే 44 టెస్టుల్లో 208 వికెట్లున్నాయి. అలాంటివాడు బెంచీ మీద కూర్చునే జట్టది. మురళికి తోడుగా చాలాకాలం నిలిచింది చమిందా వాస్ ఒక్కడే, 355 వికెట్లు. రంగన హెరాత్ ఉన్నాడు కదా అంటారు. నిజమే, 433 వికెట్ల గొప్ప బౌలర్, కానీ అతను వెలిగింది చాలావరకు మురళి తప్పుకున్నాకే. మా వైపు ఇళ్ళల్లో ఒక్క సంపాదనపరుడి మీద పదిమంది బతికే కుటుంబాలుంటాయి. ఆయనకి జ్వరం వస్తే ఇంటిల్లిపాదికీ టెన్షన్. మురళి శ్రీలంకకి అలాంటి మనిషి. బంతి చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ ఆ బరువు మోశాడు. పక్కనే గ్యాలరీ నుంచి "నో బాల్" అని అరుపులు. 2004లో ఆస్ట్రేలియా ప్రధాని కూడా మురళిది త్రోనే అన్నాడు. వార్న్ మైదానంలో ఇలాంటివి మోయలేదు.

ఇద్దరూ ఒకే మైదానాల్లో ఎదురుపడిన సిరీస్ కూడా ఉంది. 2004 మార్చిలో శ్రీలంకలో మూడు టెస్టులు. వార్న్‌కి 26, మురళికి 28. గాలెలో వార్న్ 500 దాటాడు, క్యాండీలో మురళి దాటాడు. ఆస్ట్రేలియా 3-0తో గెలిచింది కాబట్టి నేను చాలాకాలం దీన్ని వార్న్ ఖాతాలోనే వేశాను. కానీ వార్న్ ఎవరికి వేశాడు, మురళి ఎవరికి వేశాడు? హేడెన్, లాంగర్, పాంటింగ్, మార్టిన్, గిల్‌క్రిస్ట్. వార్న్ తన జీవితంలో టెస్టుల్లో ఆ బ్యాటింగ్‌ని ఎదుర్కోనక్కర్లేదు.

మనవాళ్ళ మాట తీసుకుంటే వాదన తేలదు. మన గడ్డ మీద వార్న్ సగటు 43, మురళిది 45. ఇద్దరినీ మనం ఉతికేశాం. 2001 కోల్‌కతాలో లక్ష్మణ్ 281 కొట్టినప్పుడు వార్న్ ఆ ఇన్నింగ్స్‌లో 34 ఓవర్లకు 152 ఇచ్చి ఒక్క వికెట్ తీశాడు. లెగ్ స్టంపు బయట, బౌలర్ల అడుగులకి పిచ్ చెదిరిన రఫ్‌లో పడిన బంతిని మన హైదరాబాదీ ముందుకొచ్చి ఒకసారి కవర్స్ మీదుగా, అలాంటి బంతినే ఇంకోసారి మిడ్ వికెట్ వైపు కొట్టిన తీరు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. మురళిని సెహ్వాగ్ 2008లో గాలెలోనే 201తో, 2009లో ముంబైలో 293తో ఆడుకున్నాడు. స్పిన్ తాగి పెరిగినవాళ్ళం మనం. మన కళ్ళు ఈ ఇద్దరికీ సాక్ష్యం చెప్పలేవు.

కుంబ్లే పేరెత్తకపోతే మా ఊళ్ళో ఎవరూ ఊరుకోరు. 619 వికెట్లు, ఢిల్లీలో పాకిస్తాన్ మీద 74కి 10. నాకు వాటికన్నా 2002 ఆంటిగ్వా పెద్దది. దవడ విరిగి, తలచుట్టూ కట్టు కట్టుకుని వచ్చి, 14 ఓవర్లు వరసగా వేసి వెస్టిండీస్ బ్యాటర్ లారాని ఎల్బీడబ్ల్యూ చేశాడు. తెగువలో ఆయనకన్నా గొప్పవాళ్ళు లేరు. కానీ బంతిని ఆ ఇద్దరిలా తిప్పలేదు, విదేశాల్లో సగటు 35 దాటింది. మూడో స్థానానికి ఆయనా, అశ్విన్ ఇద్దరూ హక్కుదార్లే. నేను అశ్విన్‌ని పెడతాను.

అశ్విన్‌ని మేం కళ్ళారా చూశాం. 2019 అక్టోబర్ 6, ఆదివారం. దక్షిణాఫ్రికాతో విశాఖ టెస్టు ఆఖరి రోజు. పొద్దున్నే విజయనగరంలో బస్సెక్కి, తగరపువలస, ఆనందపురం దాటి మధురవాడలో దిగాం. మేం కుదురుకుని కూర్చున్న కాసేపటికే అశ్విన్ డి బ్రయిన్‌ని బౌల్డ్ చేశాడు. 350వ వికెట్, 66వ టెస్టులో. అప్పటిదాకా అంత వేగంగా అక్కడికి చేరినవాడు మురళి ఒక్కడే, అతనూ 66 టెస్టుల్లోనే. మావయ్య లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. "మావోడి పక్కన మనోడు" అన్నాడు. వెనక సీట్లో కుర్రాళ్ళకి మావోడెవరో, మనోడెవరో అర్థం కాలేదు.

అశ్విన్ 2024 డిసెంబర్‌లో 537 వికెట్లతో తప్పుకున్నాడు. సగటు సరిగ్గా 24. వికెట్‌కి 51 బంతులు కూడా పట్టలేదు, ఇందులో వార్న్, మురళి ఇద్దరికన్నా ముందున్నాడు. అయితే 383 ఇంటి దగ్గర తీసినవి. విదేశాల్లో ఎన్నోసార్లు జట్టులోనే లేడు. 2021లో ఇంగ్లండ్‌లో నాలుగు టెస్టులూ బయటే కూర్చున్నాడు. బంతి చేతికివ్వనివాణ్ణి వికెట్లు ఏవని అడగడం న్యాయం కాదు. కానీ వేయని ఓవర్లకి మార్కులు కూడా వేయలేం. అందుకే ఆ ఇద్దరి కిందే పెట్టాను. ఇది రాయడానికి నాకు మనసొప్పలేదు, అయినా రాస్తున్నాను.

2010 జులై 22 మధ్యాహ్నం మావయ్య ఇంట్లోనే ఉన్నాను. గాలెలో మురళి ఆఖరి టెస్టు. ఇదే చివరిదని ముందే చెప్పేశాడు, అప్పటికి ఉన్నవి 792. ఎనిమిది కావాలి. మొదటి ఇన్నింగ్స్‌లో ఐదు తీశాడు, రెండో ఇన్నింగ్స్‌లో రెండు. 799 దగ్గర ఆగింది. క్రీజులో లక్ష్మణ్ పాతుకుపోయాడు. మావయ్య మంచం మీద కూర్చుని ఒక ఓవర్ లక్ష్మణ్‌కి, ఒక ఓవర్ మురళికి మొక్కుకుంటున్నాడు. లక్ష్మణ్ 69 దగ్గర రనౌటయ్యాడు. ఇంక మిగిలింది ఆఖరి జోడీ, ఇషాంత్, ప్రజ్ఞాన్ ఓఝా. ఓఝా కూడా హైదరాబాద్‌కి ఆడినవాడే. మలింగ అవతల నుంచి వేగంగా వేస్తున్నాడు. ఆ ఒక్కటీ అతనికి పడితే కథ అక్కడితో అయిపోతుంది. ఓవర్లు గడుస్తున్నాయి. ఇంట్లో ఎవరూ మాట్లాడటం లేదు. అత్తయ్య కూడా వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

ఓఝా బ్యాటు అంచుకి తగిలి బంతి స్లిప్‌లోకి వెళ్ళింది. జయవర్ధనే పట్టుకున్నాడు.

నేను అరిచాను. భారత్ వికెట్ పడితే నేను అరవడం అదే మొదటిసారి. మావయ్య అరవలేదు. కుడి చెయ్యి మంచం పట్టె మీద ఉంది, ఎప్పటిలాగే మోచేతి దగ్గర కాస్త వంగి. చూపుడు వేలు పట్టె మీద అటూ ఇటూ తిరుగుతోంది. ఆ వేలి కాయ ఎప్పుడో కరిగిపోయింది.

"ఆ రోజు బంతి లాగేసుకుని ఉంటే ఏటయ్యేదిరా" అన్నాడు.

మెల్‌బోర్న్ సంగతే అంటున్నాడనుకుని, రణతుంగ లాక్కోలేదు కదా మావయ్యా అన్నాను. ఆయన తల ఊపి, టీవీ సౌండ్ కాస్త పెంచాడు.

వచ్చే ఆదివారం విజయనగరం వెళ్తున్నాను. ఫోన్‌లో చదవడం ఆయనకి అలవాటు లేదు. పెద్ద అక్షరాలతో ప్రింటు తీసి పట్టుకెళ్తున్నాను.